రుజువు ఏది? – కూచిపూడి మేళం గురించి నాలుగు మాటలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం మన కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడటానికి చాలామంది ఉన్నారు. మీరు మాత్రం మన జిల్లా నాట్యం గురించి ఒక అరగంట చెప్పండి" అన్నారు. నేను గజ్జె కట్టినవాణ్ణి కాను. పండితుణ్ణి అంతకన్నా కాను. గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నేనొక పొరపాటు చేశాను. దాన్ని చెప్పుకోవడానికి ఇంతకన్నా తగిన సభ నాకు దొరకదు.

మనది కాగితాల బతుకు. పుట్టిన తేదీ నుంచి పదవీ విరమణ దాకా సర్వీసు రిజిస్టరులో ఉంటేనే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ఆఖరికి బతికి ఉన్నామన్న సంగతి కూడా ఏటేటా సంతకం పెట్టి రుజువు చేసుకోవాలి. ఇన్నేళ్లు ఇలా బతికాక, కాగితం లేనిదేదీ లేదనే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది.

దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అది వెళ్లిన నాలుగైదేళ్లకు అనుకుంటాను, నేను ఒక కార్యాలయంలో సెక్షను గుమస్తాగా ఉన్నాను. వృద్ధ కళాకారుల పెన్షను దరఖాస్తులు నా బల్ల మీదికే వచ్చేవి. ఒకరోజు దివిసీమ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బక్కపలచటి మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి.

"భాగవతులవాణ్ణి బాబూ. నలభై ఏళ్లు ఆడవేషం కట్టాను" అన్నారు.

"రుజువు ఏది తాతగారూ?" అన్నాను.

"చల్లపల్లిలో ఇచ్చిన యోగ్యతాపత్రం ఒకటి ఉండేది. బందరులో ఒక సభవారు రాసిచ్చింది ఇంకొకటి. ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను. ఉప్పెనలో ఇల్లే పోయింది, పెట్టె ఎక్కడుంటుంది?"

కాగితం తెమ్మని పంపించాను. పదిహేను రోజులకు మళ్లీ వచ్చారు. మళ్లీ అదే మాట చెప్పాను. అప్పుడాయన కాసేపు నిలబడి, "పోనీ, ఆడి చూపించమంటారా?" అన్నారు. సెక్షనులో ఎవరో నవ్వారు. నేను, "ఇది ఆఫీసండీ" అన్నాను. ఆయన తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఏమైందో చివర చెబుతాను. ముందు అసలు సంగతికి వస్తాను. ఆ పెద్దాయన్ని అడిగినట్టే కూచిపూడి మేళాన్ని కూడా మనం "రుజువు ఏది?" అని అడిగితే, ఎన్ని కాగితాలు దొరుకుతాయి?

కూచిపూడి మనకు దూరం ఊరేమీ కాదు. పామర్రు నుంచి చల్లపల్లి పోయే బస్సెక్కితే దారిలోనే. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య ఊరు. బందరుకూ, గుడివాడకూ, దివిసీమకూ నడుమ ఉన్న ఈ చిన్న అగ్రహారం నుంచి మేళం కట్టుకుని బయల్దేరిన మగవాళ్లు, బండి మీదా కాలినడకనా, రేవు దాటాల్సిన చోట పడవ మీదా, ఊరూరా తిరిగి ఆడేవారు.

మొదటి కాగితం మాచుపల్లి కైఫీయతు. కడప జిల్లా సిద్ధవటం ప్రాంతపు సంగతులు అందులో ఉన్నాయి. విజయనగరాన్ని వీరనరసింహరాయలు ఏలుతున్న రోజులు, అంటే 1500 దాటిన తొలి సంవత్సరాలు. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అనే పాలకుడు పన్నుల కోసం ఆడవాళ్లను చిత్రహింసలు పెట్టేవాడు. ఆ దారిన పోతున్న కూచిపూడి వారు అది కళ్లారా చూశారు. విజయనగరం చేరి, రాయలవారి ఎదుట ప్రదర్శన ఇచ్చేటప్పుడు ఒకరు గురవరాజు వేషం, ఒకరు ఆడవేషం కట్టి, చూసింది చూసినట్టు ఆడి చూపించారు. రాయలవారు సంగతి విచారించి, సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించారని కైఫీయతు చెబుతుంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వాళ్లు అర్జీ రాసుకుపోలేదు. సాక్షి సంతకాలు తీసుకుపోలేదు. ఆడి చూపించారు. రాయలవారు దాన్ని రుజువుగా తీసుకున్నారు. ఐదువందల ఏళ్ల తర్వాత మా సెక్షనులో ఆ పెద్దాయన అడిగింది కూడా అదే. నాకు రాయలవారి పాటి బుద్ధి లేకపోయింది.

ఈ కాగితం గురించి నిజం నిజంలా చెప్పాలి. కైఫీయతులు కాలిన్ మెకంజీ దొర 1800 ప్రాంతాల్లో మనుషుల్ని పెట్టి ఊరూరా సేకరించినవి. అంటే జరిగిన మూడువందల ఏళ్లకు కాగితం మీదికెక్కిన మాట. పైగా ఆ మేళం వినుకొండ, బెల్లంకొండ వైపు నుంచి వచ్చినట్టు అందులో ఉంది. అంచేత వాళ్లు మన కూచిపూడి వారేనా అని అడిగే పండితులున్నారు. కానీ మూడువందల ఏళ్లు ఆ కథ జనం నోట నిలిచిందంటే, ఆ ఆట ఎంతటిదై ఉండాలో ఆలోచించండి.

రెండోది గోల్కొండ తానీషా సంగతి. అబుల్ హసన్ కుతుబ్‌షా 1672 నుంచి 1687 దాకా ఏలాడు. 1670లలో ఆయన బందరు వచ్చినట్టు అక్కడ వర్తకం చేసుకుంటున్న డచ్చివారి, ఇంగ్లీషువారి రాతల్లో ఉంది. ఆ రాకపోకల్లో మేళం ఆట చూసి, మెచ్చి, ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడిలో తరతరాలుగా చెప్పుకుంటారు. నవాబుగారు భామాకలాపం చూసి ఊరు రాసిచ్చాడంటే మా చిన్నప్పుడు ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. కళ ముందు మతం అడ్డు రాదనే లెక్క అది. ఆయన రాక కాగితం మీద ఉంది, దానం మాత్రం ఊరి నోట ఉంది.

మూడో కాగితం గట్టిది. 1763 నాటి పంపకాల పత్రం. ఊరి భూమిని భాగవతుల కుటుంబాల నడుమ వాటాలు వేసి రాసిన పత్రం. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి వంటి ఇంటిపేర్లు అందులో ఉన్నాయి. ఈనాటికీ కూచిపూడి నాట్యమంటే వినపడే పేర్లే అవి. అయితే అందులో ఉన్నది ఎవరికెంత భూమి అన్నదే. ఎవరు ఎలా ఆడేవారో ఒక్క ముక్క లేదు.

మన ప్రాంతంలో కాగితం నిలవకపోవడానికి వేరే కారణమూ ఉంది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్ఫైవేల మంది పోయారని లెక్క. 1977 మన కళ్ల ముందటిదే. చెదలు, చెమ్మ, ఉప్పుగాలి సరేసరి. తాటాకు గ్రంథమైనా ట్రంకుపెట్టె అయినా కృష్ణ ఒడ్డున ఎన్ని తరాలు నిలుస్తుంది? అందుకే ఈ కళ తన చరిత్రను పెట్టెలో కాక మనిషి ఒంట్లో దాచుకుంది. తండ్రి అడుగు కొడుకు కాలికి, గురువు చూపు శిష్యుడి కంటికి.

ఆ దాచుకోవడం ఎలా ఉండేదో నేను చూసిందే చెబుతాను. 1950ల చివర, గుడివాడ దగ్గర మా ఊళ్లో కోతలయ్యాక మేళం దిగింది. రామాలయం ముందు పందిరి. ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. పక్కన మద్దెల, తాళాలు, శ్రుతి. వెలుగుకు కాగడాలు. ముఖ్యమైన పాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. పిల్లలం ఉలిక్కిపడి అమ్మ కొంగు పట్టుకునేవాళ్లం. ముందు బాలాత్రిపురసుందరికి ప్రార్థన. తర్వాత సూత్రధారుడు. ఆయనే కథ నడిపేది, తాళం వేసేది, పాడేది, మధ్యలో మాధవిగా సత్యభామతో హాస్యమాడేదీ ఆయనే. ఆ తర్వాత తెర మీదుగా జడ ఒకటి ఇవతలికి వచ్చి పడింది. నాగరం, రాగిడి, చంద్రవంక, సూర్యుడు, కుచ్చులు – మొత్తం నగలన్నీ ఉన్న జడ. అది సత్యభామ జడ. తన విద్యను ప్రశ్నించగలవాళ్లెవరైనా ఉంటే ముందుకు రండని సభకు విసిరే సవాలు. అప్పుడు నాకా సంగతి తెలియదు. మా నాయనమ్మ మాత్రం, "ఆ నడక చూడరా, నేనే అలా నడవలేను" అంది. వేషం కట్టింది మగవాడని తెల్లారి నూతి దగ్గర ఆయన పళ్లు తోముకుంటుంటే చూసిందాకా నేను నమ్మలేదు.

భామాకలాపం సిద్ధేంద్రయోగి చేసిందని, ఊళ్లో పుట్టిన ప్రతి భాగవతుల మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆయన మాట తీసుకున్నాడని అక్కడి నమ్మకం. ఆయన పదిహేడో శతాబ్దం వాడని ఎక్కువమంది అంటారు. మగవాళ్లు ఆడవేషం కట్టడం మన దగ్గరే ఉన్న వింత కాదు. అదే రోజుల్లో ఇంగ్లండులో షేక్స్‌పియర్ నాటకాల్లో ఆడవేషాలు కుర్రాళ్లే కట్టేవారు. 1660 తర్వాతే అక్కడి రంగస్థలం మీదికి ఆడవాళ్లు వచ్చారు. జపానులో 1629లో కబుకి నుంచి ఆడవాళ్లను నిషేధిస్తే, అప్పటి నుంచి మగవాళ్లే ఆ వేషాలు కడుతున్నారు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే కాగితాలు పెరుగుతాయి, పేర్లు తెలుస్తాయి. చింతా వెంకటరామయ్యగారు మేళాన్ని కట్టుదిట్టం చేసి, ఉషాపరిణయం, ప్రహ్లాద వంటి యక్షగానాలను ఊరూరా ఆడించారు. ఆయన పేరు మీది వెంకటరామ నాట్యమండలి ఆ తర్వాత ఆయన కుమారుడు చింతా కృష్ణమూర్తిగారి చేతిలో పేరు తెచ్చుకుంది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఊరి కట్టు దాటి ఆడపిల్లలకు నేర్పారు, ఏకపాత్ర నృత్యాన్ని పెంచారు. వేదాంతం రాఘవయ్యగారు సినిమాకు వెళ్లి దర్శకులయ్యారు. 'దేవదాసు' తీసింది ఆయనే.

ఇంతలో రుజువు అడిగే రోజు మేళానికే వచ్చింది. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు పెట్టింది. కూచిపూడి వేరే శాస్త్రీయ నాట్యమా, భరతనాట్యానికే ఒక రూపమా అన్న వాదం అక్కడ రేగింది. అంటే మళ్లీ అదే ప్రశ్న: రుజువు ఏది? ఏలూరు న్యాయవాది, రంగస్థల నటులు బందా కనకలింగేశ్వరరావుగారు వంటివాళ్లు మన తరఫున నిలబడ్డారు. మరుసటి ఏడే ఇక్కడ మన అకాడమీ సదస్సు పెట్టి శాస్త్ర గ్రంథాలు చూపించింది, ప్రదర్శనలు ఇప్పించింది. 1950ల చివరనే కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది. దాని వెనుకా బందావారే ఉన్నారు. ఇంద్రాణీ రెహమాన్, యామినీ కృష్ణమూర్తి వంటివారు ఈ నాట్యాన్ని దేశం నలుమూలలకూ, విదేశాలకూ తీసుకుపోయారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, వందల మంది ఆడపిల్లలకు నేర్పారు. తెల్లవార్లూ సాగే కలాపం రెండు మూడు గంటల నృత్యనాటకమైంది. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నెస్ పుస్తకానికెక్కారు. ఒకప్పుడు మేళమంటే పదిహేను, ఇరవై మంది.

ఇది గెలుపే, సందేహం లేదు. కానీ ఆడపిల్లలు సత్యభామలైన కొద్దీ ఆడవేషం కట్టే మగవాళ్లకు పిలుపులు తగ్గాయి. వేదాంతం సత్యనారాయణశర్మగారి వంటి మహానుభావుడికి 1970లో పద్మశ్రీ వచ్చింది. అది ఆయన విద్యకు తగినదే. ఆయనా, చినసత్యంగారూ 2012లోనే, కొన్ని నెలల తేడాతో వెళ్లిపోయారు. శర్మగారికి కాగితముంది. మరి ఆయన లాగే ఆడవేషం కట్టి, చిన్న మేళాల్లో దివిసీమ ఊళ్ల వెంట తిరిగినవాళ్లకో?

ఇప్పుడు నా కథ పూర్తి చేస్తాను.

పెద్దాయన రెండోసారి వెళ్లిపోయిన రోజు సాయంత్రం మా సూపరింటెండెంటుగారు నన్ను పిలిచారు. నేను చెప్పింది విని, "కాగితం పోతే మనిషి పోయినట్టా? చూసినవాళ్లున్నారుగా. ఊరికి వెళ్లి పెద్దమనుషుల వాంగ్మూలం తీసుకురా" అన్నారు. నాకంటే పాత ఉద్యోగి, రూల్సు నాకంటే బాగా తెలిసినవారు. నేను దాక్కున్న రూలులోంచే ఆయన దారి తీశారు.

ఆదివారం నాడు దివిసీమలో ఆ ఊరు వెళ్లాను. ఉప్పెన దెబ్బ ఇంకా కనపడుతూనే ఉంది. రావిచెట్టు కింద కూర్చుని, ఫలానా ఆయన భాగవతం ఆడేవారా అని అడిగాను. అరగంటలో ఇరవైమంది పోగయ్యారు. ఒక రైతు, "మా పెళ్లి ఏడు ఆడారండీ, నెమలికంఠం రంగు చీర" అన్నాడు. ఇంకొకాయన, పోయిన కోవెల చోటుకు తీసుకుపోయి, "తెర ఇక్కడ, మద్దెల ఇక్కడ" అని కాలితో గీత గీసి చూపించాడు. లేఖ రాసే ఘట్టంలో ఆయన కళ్లెలా తిప్పేవారో ఒక ముసలాయన కూర్చున్న చోటే చేసి చూపించాడు. నా వెంట తీసుకుపోయిన కాగితాలు చాల్లేదు. నేను రెండుసార్లు వెనక్కి పంపిన రుజువు, ఊరు ఊరంతా ఉంది.

నలుగురి సంతకాలు, ముగ్గురి వేలిముద్రలు తీసుకుని లేస్తుంటే, దూరంగా అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ పిలిచింది. "బాబూ, ఆయన మొవ్వ గోపాలుడి పదం పట్టేవాడే, ఆ అభినయం నేర్పింది మా పెద్దమ్మ. అదీ రాసుకో" అంది. పక్కనున్నవాళ్లు చూపు తిప్పుకున్నారు. ఆవిడది కలావంతుల ఇల్లని తర్వాత తెలిసింది. "అలాగేనమ్మా" అన్నాను. కానీ రాసుకోలేదు. నా ఫారంలో ఆ కాలమ్ లేదు.

ఆ పెద్దాయనకు పెన్షను మంజూరైంది. మొదటి డబ్బు అందిన రోజు సెక్షనుకు వచ్చి, అందరికీ తలో అరటిపండు పెట్టారు. నాకు పెడుతూ, "ఇక ఆడి చూపించనక్కర్లేదు గదా" అని నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

నేను చేసిన పొరపాటు ఆయన్ని రెండుసార్లు తిప్పడం అనుకుంటారేమో. అది దిద్దుకున్నాను. దిద్దుకోలేనిది రెండోది, ఆ పెద్దావిడ మాట రాసుకోకపోవడం. ఆ మాట ఎంత విలువైనదో పదవీ విరమణ చేశాక, నాలుగు పుస్తకాలు చదివితే గాని నాకు తెలియలేదు. క్షేత్రయ్య పదాలను మూడువందల ఏళ్లు గొంతులోనూ అభినయంలోనూ నిలిపింది ఎక్కువగా ఆ ఇళ్ల ఆడవాళ్లే. మన డెల్టాల్లో భామాకలాపం, గొల్లకలాపం వాళ్లూ ఆడేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లను గుడికి అర్పించే ఆచారాన్ని ఆపిన ఆ చట్టం అవసరమైనదే. కానీ దానితోపాటు వాళ్ల ఆటా పాటా కూడా తప్పైపోయాయి. అదే ఆట పై ఇళ్ల పిల్లలు ఆడితే కళ అయింది. నటరాజ రామకృష్ణగారు ఆ ఇళ్లకు వెళ్లి, సరిదె మాణిక్యమ్మగారి వంటి విద్వాంసురాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల విద్యను లోకానికి చూపించారు. అలా చేసినవాళ్లు బహు కొద్దిమంది. 1763 పత్రంలో ఆ ఆడవాళ్లకు వాటా లేదు. నా వాంగ్మూలంలోనూ లేకుండా చేశాను.

ఆ తర్వాత ఒకసారి ఆ ఊరు వెళ్లాను. అరుగు ఉంది, ఆవిడ లేదు. వాళ్ల పెద్దమ్మ పేరేమిటో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మిత్రులారా, ఈ సభలో కూర్చున్న మనలో చాలామంది బందరులోనో, గుడివాడలోనో, దివిసీమలోనో రాత్రంతా మేలుకుని మేళం చూసినవాళ్లే. కాగడాల వెలుగులో భామాకలాపం చూసినవాళ్లలో మనదే బహుశా ఆఖరి తరం. మనం చూసింది మన మనవలకు చెప్పకపోతే, ఆ రుజువు మనతోనే పోతుంది. పెద్ద పనేమీ కాదు. ఏ ఊళ్లో, ఏ పండక్కి, ఎవరి మేళం, ఎవరు ఏ వేషం కట్టారు, మద్దెల ఎవరు, తెర ఎవరు పట్టారు – గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి మన సంఘం ఆఫీసులో ఇవ్వండి. రాయలేనివాళ్లు చెప్పండి, మనవడి ఫోనులో రికార్డు చేయించండి. ఆ విద్య ఎవరు ఎవరికి నేర్పారో తెలిస్తే అది తప్పకుండా రాయండి. ఆడవాళ్ల పేర్లు మరీ ముఖ్యం.

జీవితమంతా ఎదుటివాళ్లను రుజువు అడిగి బతికినవాళ్లం. పదవీ విరమణ చేశాకైనా, మనమే ఒక రుజువు రాసిపెడదాం. ఈసారి ఫారం మనదే. అందులో ఏ కాలమ్ ఉండాలో మనమే గీసుకోవచ్చు.